గాలిని కొలిచే పని

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్ల పందెం చూసి వచ్చిన రాత్రే మీరిద్దరూ ఫోన్ చేసి, "తాతయ్యా, ఇలాంటి కార్లు తయారుచేసే ఇంజనీరు కావాలంటే ఏం చదవాలి?" అని అడిగారు. అప్పుడు చిన్నవాళ్లు కనుక నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు పెద్దవాడు ఇంటర్ ఎంపీసీలో ఉన్నాడు, చిన్నది పదో తరగతికి వచ్చింది, అయినా మీ ప్రశ్న మారలేదు. ఇంగ్లండ్‌లో రేసు కార్ల విండ్ టన్నెల్‌లో, అంటే కారు నమూనా మీదికి గాలి వదిలి దాని బలాలను కొలిచే సొరంగంలో, ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాడిని కనుక ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పని చేయండి. వంటింట్లో కుళాయి సన్నగా తిప్పి, చెంచా కాడ చివరను రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, దాని వీపును నీటిధారకు తగిలీ తగలనట్టు ఉంచండి. ధార చెంచాను అవతలికి నెట్టేస్తుందని అనుకుంటాం. కానీ చెంచా ధారలోకే లాక్కుపోతుంది. వంపు వెంట తిరిగే ప్రవాహం ఆ వంపు దగ్గర పీడనాన్ని తగ్గిస్తుంది, రెండో వైపునున్న మామూలు గాలి పీడనం చెంచాను అటు నెడుతుంది. విమానం రెక్క పైకి లేచేదీ ఇలాంటి పీడనాల తేడాతోనే. ఆ రెక్కను తలకిందులుగా బిగిస్తే అది కారును నేలకు అదుముతుంది. ఈ అదిమే బలాన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. బరువు పెంచకుండానే టైర్లకు పట్టునిచ్చేది ఇదే. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది కనుకనే, మామూలు కారు రోడ్డు దాటి జారిపోయే వేగంలో కూడా ఫార్ములా వన్ కారు మలుపు తిరిగి నిలబడగలుగుతుంది.

కంటికి కనిపించేవి ముందూ వెనకా ఉన్న రెక్కలే అయినా, నన్ను జీవితమంతా ఆకట్టుకున్నది కారు అడుగు భాగం. మన ఊరి కాలువలో నీరు వంతెన కింద ఇరుకైన చోట వడిగా పారడం మీరు చూసే ఉంటారు. గాలి కూడా ఇరుకులో వడి పుంజుకుంటుంది, వడి పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. కారు అడుగును అలాంటి ఇరుకు దారిగా మలిస్తే కారు మొత్తం నేల వైపు లాగబడుతుందని కాలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ అనే ఫార్ములా వన్ జట్టు 1977లో లోటస్ 78తో, మరుసటి ఏడు లోటస్ 79తో చూపించింది. ఆ కార్లతోనే డ్రైవర్ మారియో ఆండ్రెట్టి 1978లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మలుపుల్లో వేగం ప్రమాదకరంగా పెరిగిపోవడంతో 1983 నుంచి అడుగు చదునుగా ఉండాలని నిబంధన వచ్చింది. 2022లో ఆ ఇరుకు దారులు మళ్లీ అనుమతి పొందాయి.

అప్పుడు జరిగినది మీరు శ్రద్ధగా వినాలి. బార్సిలోనాలో కొత్త కార్లు మొదటిసారి వేగం అందుకోగానే, తిన్నని దారి మీద ఎగిరెగిరి పడసాగాయి. వేగంతోపాటు అడుగు నేలకు దగ్గరవుతుంది, సందు మరీ మూసుకుపోయి ప్రవాహం తెగుతుంది, లాగే బలం పోయి కారు పైకి లేస్తుంది, లేవగానే ప్రవాహం మళ్లీ కుదురుకుని కిందికి లాగుతుంది. ఇదంతా క్షణంలో పలుమార్లు జరుగుతుంది. నెలల తరబడి విండ్ టన్నెళ్లలోనూ కంప్యూటర్లలోనూ పరీక్షించిన జట్లలో చాలావాటికి ఇది ఇంత తీవ్రంగా ఉంటుందని ముందు తెలియలేదు. టన్నెల్ చెప్పే అంకె, కంప్యూటర్ చెప్పే అంకె, ట్రాక్ మీద కారు చెప్పే అంకె, ఈ మూడింటికీ పొంతన కుదర్చడమే మా వృత్తిలో అసలు పని.

ఫార్ములా వన్ నిబంధనల ప్రకారం టన్నెల్‌లో పెట్టేది అసలు కారు కాదు, దానిలో 60 శాతానికి మించని నమూనా. దాని కింద రోడ్డుకు బదులు ఒక బెల్టు గాలి వేగంతో సమానంగా పరుగెడుతుంది. గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. 2022 నుంచి ఎనిమిది వారాలకు 320 పరుగులను (గాలి వదిలి చేసే ఒక్కో పరీక్ష ఒక పరుగు) లెక్కగా పెట్టి, అంతకుముందటి ఏడాది చాంపియన్ జట్టుకు అందులో 70 శాతమే, పదో స్థానంలో నిలిచిన జట్టుకు 115 శాతం ఇచ్చారు. అందువల్ల ఏ ప్రశ్న అడగాలో తెలియకుండా టన్నెల్ తలుపు తెరవడం తప్పు.

నేను చేరిన రెండో ఏడు ఒక తప్పు చేశాను. నమూనా అడుగున సూదిబెజ్జాలంత రంధ్రాలు ఉంటాయి, ఒక్కొక్కదాని నుంచి సన్నని ప్లాస్టిక్ గొట్టం పీడనం కొలిచే పరికరానికి వెళుతుంది. ఒక సాయంత్రం వాటిలో రెండింటిని నేను తారుమారు చేసి తగిలించాను. కొత్త అడుగు ఎక్కడ మెరుగ్గా పనిచేస్తోందో మరునాటి పీడనాల పటం చాలా అందంగా చూపించింది. ఆ పటాన్ని నమ్మి మూడు రోజులు అటే పనిచేశాం. ఆ భాగాన్ని పాత ఆకారంలోకి మార్చి చూసినా అంకె మారకపోవడంతో, తోటి ఇంజనీరు ఒకామె గొట్టాలను ఒక్కొక్కటిగా ఊది చూసి నా తప్పు పట్టుకుంది. ఆనాటి నుంచి, మంచి వార్త చెప్పే అంకెను చెడ్డ వార్త చెప్పే అంకెకన్నా ఎక్కువసార్లు సరిచూడటం అలవాటు చేసుకున్నాను.

ఇక చదువు సంగతి. బీటెక్‌లో మెకానికల్ తీసుకున్నా ఏరోస్పేస్ తీసుకున్నా ఫరవాలేదు. ద్రవాల, వాయువుల ప్రవాహశాస్త్రం, గణితంలో అవకలన సమీకరణాలు, కొంత ప్రోగ్రామింగ్ మాత్రం పరీక్ష కోసం కాకుండా నేర్చుకోవాలి. ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహ గణన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్ మీద కూడా చిన్న లెక్కలు చేయవచ్చు. అంతకన్నా ముఖ్యం, కాలేజీలో విద్యార్థులే రేసు కారు కట్టే జట్టు ఉంటే అందులో చేరండి. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీలో కారు నడవడం ఒక్కటే చాలదు, ప్రతి భాగాన్ని ఎందుకు అలా చేశారో న్యాయనిర్ణేతలకు సమాధానం చెప్పాలి. తర్వాత కావాలంటే క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ వంటి చోట్ల మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగులో మాస్టర్స్ ఉంది. ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. అయితే ఆ చదువుకు అయ్యే అప్పు పెద్దది, ఉద్యోగాలు కొద్ది, వీసా మరో చిక్కు, కనుక ఇల్లు తాకట్టు పెట్టి బయలుదేరవద్దని మీ నాన్నకు కూడా చెబుతున్నాను. ఇదే విద్య విద్యుత్ కారు ఒక చార్జింగ్‌తో ఎక్కువ దూరం పోయేలా చేయడానికీ, ఎత్తయిన కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కించడానికీ పనికొస్తుంది. ఆ పనులు మన దేశంలోనే ఉన్నాయి, అవి తక్కువ పనులు కావు.

ఈ ఉత్తరం చదివాక చెంచా ప్రయోగం చేయండి. ధార సన్నగా ఉన్నప్పుడూ లావుగా ఉన్నప్పుడూ చెంచా ఎంత దూరం పక్కకు జరిగిందో స్కేలుతో అయిదేసి సార్లు కొలిచి, పది అంకెలూ రాసి పంపండి. మిగతావాటితో పొసగని అంకె ఏదైనా వస్తే దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచండి, దాని గురించే మనం ముందు మాట్లాడుకుందాం.

మీ తాతయ్య