మెడలో స్టెంట్ చేతి నుంచా, తొడ నుంచా? అపోహలు - వాస్తవాలు

"డాక్టరుగారూ, మా నాన్నకి మెడలో స్టెంట్ చేతి నుంచే వేయండి. మా పక్కింటాయనకి గుండెకి అలాగే వేశారు, సాయంత్రానికే లేచి తిరిగాడు." విశాఖలో నా ఓపీలో ఈ మాట తరచూ వింటాను. ఆ కోరికలో తప్పు లేదు. కానీ గుండెకి వెళ్ళే దారి వేరు, మెడకి వెళ్ళే దారి వేరు.

మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనులు మెడకి రెండు వైపులా ఉంటాయి. దవడ కింద, అవి రెండుగా చీలే చోట కొవ్వు పేరుకుంటుంది. అక్కడి నుంచి ఓ చిన్న ముక్క ఊడి పైకి వెళ్తే పక్షవాతం వస్తుంది. ఆ చోటికి స్టెంట్‌ని, అంటే ధమనిని తెరిచి ఉంచే చిన్న జల్లెడ గొట్టాన్ని, చేర్చడానికి గజ్జ దగ్గర తొడ ధమని నుంచి గానీ, మణికట్టు దగ్గర మనం నాడి చూసే ధమని నుంచి గానీ సన్నని ట్యూబు పంపిస్తాం.

అపోహ: చేతి నుంచి చేస్తే పక్షవాతం భయం ఉండదు.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే అపోహ.

స్టెంట్ వేసేటప్పుడు మెదడుకి ప్రమాదం ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, బ్లాక్ ఉన్న చోటు. మనం ఎటు నుంచి వచ్చినా అక్కడ బెలూన్ ఉబ్బించాల్సిందే. ఊడిన ముక్కల్ని పట్టడానికి బ్లాక్‌కి పైన చిన్న గొడుగు లాంటి ఫిల్టర్ తెరుస్తాం. రెండోది, గుండె నుంచి బయల్దేరిన పెద్ద ధమని ఛాతీలో వంపు తిరిగే చోటు. దాన్ని ఆర్చ్ అంటాం. వయసు, బీపీ, చుట్ట, బీడీ కలిసి ఆ వంపుని సాగదీసి, లోపలి గోడని గరుకు చేస్తాయి. ట్యూబు అక్కడ ఎంత ఎక్కువసేపు తిరిగితే, గోడకి అంటుకున్న ముక్కలు రాలే అవకాశం అంత ఎక్కువ. 2010లో ఫలితాలు వచ్చిన క్రెస్ట్ అనే పెద్ద అధ్యయనంలో 2,502 మంది ఉన్నారు. సుమారు 70 ఏళ్ళు దాటిన వాళ్ళకి స్టెంట్ కంటే మెడ కోసి కొవ్వు తీసేసే ఆపరేషనే మెరుగని అందులో తేలింది. ముదిరిన ఆర్చ్ దానికి ఒక కారణమని మాలో చాలామంది భావిస్తాం.

కుడి మెడలో బ్లాక్ ఉండి, కుడి చేతి నుంచి వెళ్తే ఆర్చ్‌ని దాదాపు తాకకుండానే పోవచ్చు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ భుజం దాటాక మెడలోకి తిరిగే మలుపు కొందరిలో తిరుమల ఘాట్ రోడ్డు మలుపులా ఉంటుంది. ఎడమ మెడకి కుడి చేతి నుంచి వెళ్ళాలంటే ట్యూబు ఆర్చ్‌లోకి దిగి, కొక్కెంలా వంగి, మళ్ళీ పైకెక్కాలి. ముదిరిన ఆర్చ్‌లో ఆ కొక్కెం తిప్పడమే ప్రమాదం. అదే కొందరికి పుట్టుకతోనే ఎడమ కెరోటిడ్, కుడి వైపు కొమ్మతో కలిసి మొదలవుతుంది. వాళ్ళకి కుడి చెయ్యి చక్కని దారి, తొడ నుంచే కష్టం. ఇవన్నీ రక్తనాళాల్ని చూపే స్కాన్, సీటీ యాంజియోలో ముందే కనిపిస్తాయి. అందుకే "ఏ దారి" అని అడిగిన వాళ్ళకి నేను ముందు ఆ ఫిల్ము చూపిస్తాను.

అపోహ: తొడ నుంచి చేయడం పాత పద్ధతి.

గుండె విషయంలో ఈ మాటకి బలం ఉంది. 2011లో వచ్చిన రైవల్ అధ్యయనంలో 7,021 మంది గుండె రోగులున్నారు. చేతి నుంచి చేసిన వాళ్ళలో సూది గుచ్చిన చోట పెద్ద సమస్యలు బాగా తగ్గాయి. మెడ స్టెంట్‌కి అంత పెద్ద లెక్క లేదు. హంగరీ డాక్టర్లు 260 మందితో చేసిన రాడ్‌కార్ అధ్యయనం 2014లో వచ్చింది. పెద్ద సమస్యలు రెండు దారుల్లోనూ దాదాపు సమానం. చేతితో మొదలుపెట్టిన వాళ్ళలో 10 శాతం మందికి దారి మార్చాల్సి వచ్చింది, తొడతో మొదలుపెట్టిన వాళ్ళలో 1.5 శాతం మందికే. చేతి దారిలో ఎక్స్‌రే మోతాదూ ఎక్కువైంది.

చేతి దారి సుఖం మాత్రం నిజమే. తొడ నుంచి చేశాక గజ్జ మీద పావుగంటో ఇరవై నిమిషాలో గట్టిగా నొక్కి పట్టుకుంటాం, ఆపైన గంటల తరబడి కాలు కదపకూడదు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళకి ఆ పడక నరకం. లావుగా ఉన్న వాళ్ళలో రక్తం లోపల్లోపలే కడుపు వెనక్కి కారినా వెంటనే తెలియదు. కాలి ధమనులు మూసుకుపోయిన వాళ్ళకైతే చెయ్యే మేలు.

అపోహ: మధ్యలో చెయ్యి వదిలి తొడకి వెళ్ళారంటే డాక్టరుకి చేతకాలేదు.

మణికట్టు ధమని రెండు, మూడు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. సన్నగా ఉన్న ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. అది బిగుసుకుందంటే ట్యూబు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. పేషెంటు పళ్ళు బిగించడం మానిటర్ కంటే ముందు నాకు కనిపిస్తుంది. అప్పుడు లాగకూడదు. మందు ఇచ్చి, కాసేపు ఆగి, అయినా వదలకపోతే దారి మార్చాలి. పట్టుదలకి పోయి మెడ దగ్గర అరగంట కుస్తీ పట్టే డాక్టరు కంటే, పది నిమిషాల్లో దారి మార్చే డాక్టరు చేతిలోనే మా ఇంటివాళ్ళని పెడతాను.

అపోహ: చేతి నరం మూసుకుపోతే చెయ్యి పడిపోతుంది.

తెలుగులో అన్నిటినీ నరం అనేస్తాం కాబట్టి ఈ భయం. మేం వాడేది రక్తనాళం, చెయ్యి కదిలించే నరం కాదు. అరచేతికి రెండు ధమనులు రక్తం ఇస్తాయి. ముందే బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, మణికట్టు ధమనిని నొక్కి, తెర మీద రక్తప్రవాహపు అల అలాగే ఉంటుందా, ఆగిపోతుందా చూసుకుంటాం. స్టెంట్ వేశాక మణికట్టుకి గాలి నింపే బెల్టు కడతాం. రక్తం ఆగేంత గాలే ఉంచాలి, నాడి ఆగేంత కాదు. అలా జాగ్రత్తపడితే ధమని చాలామందిలో తెరిచే ఉంటుంది. మూసుకున్నా రెండోది ఆదుకుంటుంది కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు.

అపోహ: చేతి నుంచైతే ఆ సాయంత్రమే ఇంటికి.

లేచి నడవచ్చు, ఇంటికి మాత్రం వద్దు. మెడలో స్టెంట్ పడ్డ చోటే బీపీని గమనించే కేంద్రం ఉంది. బెలూన్ ఉబ్బగానే కొందరికి గుండె వేగం పడిపోతుంది, బీపీ గంటల తరబడి కిందే ఉండొచ్చు. మరికొందరికి బీపీ పెరిగితే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం. ఏ దారైనా ఆ రాత్రి బీపీ చూస్తూ ఉండాల్సిందే. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా మానేయకూడదు.

ఎవరూ అడగని ఒక విషయం

కిడ్నీ జబ్బు. డయాలసిస్ అవసరమైతే చేతిలో ధమనిని, సిరని కలిపి ఫిస్టులా చేస్తారు. చాలాసార్లు అది మణికట్టు దగ్గరే. స్టెంట్ కోసం ఆ ధమనిని పాడుచేస్తే రేపు డయాలసిస్‌కి ఒక దారి పోయినట్టే. కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఎవరైనా వస్తే నేను బీపీ కంటే ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అడుగుతాను. ఈ మధ్య అక్కడి నుంచి వచ్చిన కొబ్బరి రైతు ఒకాయన, "చేతికి అయితే నొప్పి తక్కువటగా బాబూ" అని కుడి చెయ్యి తనే చాపాడు. రిపోర్టు చూసి, "పెద్దాయనా, ఈ చెయ్యి మీకు ముందు ముందు కావాలి" అని తొడ నుంచే వేశాం. ఆ రోజంతా కాలు చాపుకుని పడుకోలేక విసుక్కున్నాడు. డిశ్చార్జి కాగితం మీద, రెండు చేతుల మణికట్లకీ సూదులు వేయొద్దని ఎర్ర ఇంకుతో రాసి వాళ్ళమ్మాయికి ఇచ్చాను.