గవర్నర్‌ని తీసేయలేరు, సస్పెండ్ చేస్తారు: ఆఫ్రికా కేంద్ర బ్యాంకుల వెనక కథ

2014 ఫిబ్రవరిలో నైజీరియా అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ తన కేంద్ర బ్యాంకు గవర్నర్ సనూసి లమీడో సనూసిని సస్పెండ్ చేశాడు. ప్రభుత్వ చమురు సంస్థ నుంచి ఖజానాకి రావాల్సిన 2,000 కోట్ల డాలర్ల లెక్క తేలట్లేదని సనూసి బాహాటంగా అన్నాడు మరి. ఇలాంటి గొడవలు ఆఫ్రికాలో కొత్తేమీ కాదు, కాకపోతే అసలు ఆ కుర్చీలోకి ఆర్థికవేత్తలు ఎలా వచ్చారో తెలిస్తే తప్ప ఇవి అర్థం కావు.

బ్రిటిష్ వలస పాలనలో అక్కడ ద్రవ్య విధానం అనేదే లేదు. పశ్చిమాఫ్రికాకి 1912లో, తూర్పు ఆఫ్రికాకి 1919లో లండన్‌లో కరెన్సీ బోర్డులు పెట్టారు (అంతకుముందు కెన్యా, ఉగాండాల్లో నడిచింది మన రూపాయే). ఎన్ని పౌండ్లు జమైతే అంత కరెన్సీ వదలడమే బోర్డు పని, ఇక వడ్డీ రేటు గురించి బుర్ర పెట్టి ఆలోచించే ఆర్థికవేత్తతో వాళ్లకేం అవసరం? అందుకే స్వాతంత్ర్యం వచ్చేసరికి అనుభవం ఉన్న స్థానికులు దాదాపు లేరు. 1959లో పని మొదలుపెట్టిన నైజీరియా కేంద్ర బ్యాంకుకి తొలి గవర్నర్ ఇంగ్లీషువాడు, కెన్యాలోనూ మొదట కూర్చున్నది బయటివాడే.

ఉగాండా సంగతి ఇంకా ఘోరం. 1966లో పెట్టిన బ్యాంక్ ఆఫ్ ఉగాండాకి తొలి గవర్నర్ జోసెఫ్ ముబిరు, సైనిక నియంత ఇదీ అమీన్ హయాంలో ఆయన్ని పట్టుకుపోయి చంపేశారు. 1972లో అమీన్ ఆసియావాళ్లని (ఎక్కువమంది గుజరాతీలే) దేశం నుంచి తరిమేస్తుంటే, మకెరెరే యూనివర్సిటీ విద్యార్థి నాయకుడొకడు అది తప్పని బహిరంగంగా మాట్లాడి, ప్రాణభయంతో దేశం వదిలి ఇంగ్లండ్ చేరాడు. అతనే ఇమ్మాన్యుయేల్ తుముసీమె ముటెబిలే. డర్హమ్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివి, అమీన్ పదవి పోయాక తిరిగొచ్చాడు. 1980ల చివర్లో అక్కడ ధరలు ఏడాదికి 200 శాతం దాకా పెరిగేవి. 1992లో ఆర్థిక శాఖ పగ్గాలు ముటెబిలే చేతికొచ్చాక, వచ్చిన డబ్బుకి మించి ఒక్క షిల్లింగ్ కూడా ఖర్చుపెట్టనివ్వనని మొండిగా కూర్చున్నాడు, దాంతో ద్రవ్యోల్బణం దిగింది. 2001లో గవర్నరయ్యి 2022 జనవరిలో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నాడు. అధ్యక్షుడు ముసెవెని యుద్ధ విమానాల కోసం విదేశీ మారక నిల్వల్లోంచి డబ్బు తీయించాడని 2011లో ఒక విదేశీ పత్రికకి చెప్పేసినా ఆయన కుర్చీ కదల్లేదు. మంచి గవర్నర్ కావడం వల్లే నిలిచాడని నేననుకోను, ఇరవై ఏళ్ల పాత బంధం అది.

1988లో నైరోబీలో ఆఫ్రికా ఆర్థిక పరిశోధనా సంఘం పుట్టాక ఈ చదువు కొంత సొంత గడ్డ మీదే దొరికింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరైన బెన్నో న్డులు తర్వాత టాంజానియా గవర్నరయ్యాడు. 2007లో కెన్యా గవర్నరైన న్జుగునా న్డుంగూదీ అదే బాట. ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పెసా కెన్యాలో మొదలైంది కూడా ఆ ఏడాదే, మన యూపీఐ రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)లో పనిచేసి గవర్నరయ్యే దారి మాత్రం మూతపడలేదు, 2015లో న్డుంగూ తర్వాత వచ్చిన పాట్రిక్ న్జొరొగె అక్కడ ఇరవై ఏళ్లు పనిచేసినవాడే.

మళ్లీ నైజీరియాకి వస్తే, 2004లో అప్పటి కేంద్ర బ్యాంకు గవర్నర్ ప్రొఫెసర్ చార్లెస్ సొలూడో బ్యాంకుల కనీస మూలధనాన్ని 200 కోట్ల నైరాల నుంచి 2,500 కోట్లకి పెంచేసరికి 89 బ్యాంకులు విలీనాలై 25 మిగిలాయి. ఆయనిప్పుడు అనంబ్రా రాష్ట్రానికి గవర్నర్, అంటే ముఖ్యమంత్రి లాంటి పదవి. సనూసి కానో ఎమీర్ (అక్కడి సంప్రదాయ పాలకుడు) అయ్యాడు, 2020లో దించేశారు, 2024లో మళ్లీ కూర్చోబెట్టారు.

ఇంతకీ జొనాథన్ ఆయన్ని తీసేయకుండా సస్పెండే ఎందుకు చేశాడంటే, 2007 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం గవర్నర్‌ని తొలగించాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. సస్పెన్షన్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2023 జూన్‌లో కొత్త అధ్యక్షుడు టినుబు, అప్పటి గవర్నర్ ఎమెఫియెలేని పంపించిందీ ఈ సందులోంచే.