దివిసీమ గట్ల మీద పాములు: ఊళ్లో వినే మాటలు, నేను చెప్పే మాటలు

కాలువలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే మాకు పాముకాట్ల సీజన్ మొదలైనట్టే. చేలు నిండగానే ఎలుక బొరియల్లోకి నీళ్లు దిగుతాయి. ఎలుకలు గట్టెక్కుతాయి, వాటి వెనకే పాములూ ఎక్కుతాయి. అదే గట్టు మీద కూలీలు చెప్పుల్లేకుండా నడుస్తుంటారు.

నేను పాములు పట్టి వదలడంతో మొదలుపెట్టాను. కొన్నేళ్లుగా పట్టడం తగ్గించి చెప్పడం పెంచాను. రామాలయం అరుగు మీద కూర్చున్నా, బళ్లో కూర్చున్నా, ఉపాధి పని దగ్గర మజ్జిగ తాగే వేళ కూర్చున్నా అవే మాటలు వస్తాయి. కొన్ని నవ్వేసి వదిలేయొచ్చు. కొన్ని మాత్రం ప్రాణాలు తీస్తున్నాయి. అందుకే అన్నిటికీ ఒకే టైం ఇవ్వను.

అపోహ: "పాము కరిస్తే తెలీదా ఏంటి? మంట పుడుతుందిగా!"

తాచో, రక్తపింజరో కరిస్తే తెలుస్తుంది. రక్తపింజరిని మా వైపు పొడపాము అంటారు. అది కరిస్తే కాలు వాచిపోతుంది, నొప్పికి మనిషి అల్లాడిపోతాడు. కట్లపాము సంగతి వేరు. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి మీద సన్నటి తెల్ల గీతలతో ఉంటుంది. పగలు ఎక్కడో నక్కి ఉండి రాత్రిళ్లు తిరుగుతుంది. బల్లుల కోసం, ఎలుకల కోసం, వేరే పాముల కోసం ఇంట్లోకి వస్తుంది. చాప మీద పడుకున్నవాళ్లు నిద్రలో దాని మీదకి దొర్లితే కరుస్తుంది. కోరలు చిన్నవి. చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు, గాటు వెతికినా కనపడదు.

తెల్లవారుజామున లేచి కడుపులో నొప్పి అంటారు. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్న పకోడీల మీదకి నెట్టి వాము నీళ్లు ఇస్తారు. తర్వాత గొంతు పట్టేసినట్టుంటుంది, మింగడం కష్టమవుతుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. "నిద్ర తీరలేదు, పడుకోనీ" అంటారు. ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడే సరికి ఆటో కోసం పరుగులు మొదలవుతాయి.

కాబట్టి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పితో లేచి, కనురెప్పలు ఎత్తలేకపోతుంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. కట్లపామే అనుకుని వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. ఊపిరి ఆగకుండా మిషన్ మీద పెట్టగలిగితే చాలామంది లేచి కూర్చుంటారు.

ఇది రాకుండా చూసుకునే మార్గం మాత్రం చాలా చవక. మంచం మీద పడుకోవడం, దోమతెర కట్టుకోవడం. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచుల్ని చాప కిందకి మడిచి పెట్టాలి. దోమల కోసం కట్టిన తెర కట్లపామునీ ఆపుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే నేను ఊళ్లు తిరుగుతున్నానని అనుకున్నా ఫరవాలేదు.

అపోహ: "కరిచిన చోట పైన తాడుతో గట్టిగా బిగించాలి, బ్లేడుతో కోసి రక్తం పిండాలి."

ఇది వద్దంటే వయసు మళ్లినవాళ్లకి కోపం వస్తుంది. "మా నాన్న అట్టాగే బతికాడు" అంటారు. పొడపాము విషం కరిచిన చోట కండని తినేస్తుంది. గట్టిగా కట్టేస్తే ఆ విషమంతా అక్కడే నిలిచి కాలు కుళ్లేదాకా వస్తుంది. కట్టు ఒక్కసారిగా విప్పితే అంతా ఒంట్లోకి పోతుంది. ఇక కోయడమంటారా, ఆ విషానికి రక్తం గడ్డకట్టే గుణమే పోతుంది. అలాంటి మనిషిని కోస్తే రక్తం ఆగదు.

ఆసుపత్రిలో చేసే ఒక చిన్న పరీక్ష గురించి చెబితే ఈ మాట బాగా ఎక్కుతుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని వంచుతారు. మామూలు రక్తమైతే తోడుకున్న పెరుగులా అంటుకుని ఉంటుంది. పొడపాము విషం ఎక్కిన రక్తం నీళ్లలా జారిపోతుంది. నేను గాజు గొట్టంలో ఎర్ర రంగు నీళ్లు పోసి చూపిస్తాను. ఆ నీళ్లు జారడం చూశాక తాడు సంగతి ఎవరూ ఎత్తరు.

మరి చేయాల్సిందేంటి? కాటు పడ్డ మనిషిని నడిపించకండి. ఎముక విరిగినప్పుడు చేసినట్టు కాలికో చేతికో కర్ర ఆసరా ఇచ్చి కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కాలి పట్టీలు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక తీయాలంటే కోయాల్సిందే. ఎన్నింటికి కరిచిందో గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. పామును చంపి సంచిలో తేవద్దు. తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుంచి ఫోన్లో ఫొటో తీస్తే చాలు. అదీ కుదరకపోతే వదిలేయండి. మన దగ్గర దొరికే యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, తాచు, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటి విషానికీ కలిపి చేసిందే. డాక్టర్లు లక్షణాలు చూసే ఇస్తారు.

అపోహ: "మంత్రం వేయిస్తే మా బావమరిది బతికాడు."

బతికే ఉంటాడు. మన చేలల్లో ఎక్కువగా కరిచేవి విషం లేని పాములే. జెర్రిపోతు, నీరుకట్టు, కట్లపాములాగే కనిపించే తోడేలు పాము అలాంటివే. విషం ఉన్నది కూడా ప్రతిసారీ విషం దించదు, కొన్నిసార్లు ఉత్త కాటే వేస్తుంది. అలా బతికినవాళ్లంతా మంత్రం ఖాతాలో పడతారు. పోయినవాళ్లు "ఆలస్యంగా తెచ్చారు" అనే ఖాతాలో పడతారు.

మొదట్లో నేను మంత్రగాళ్లతో వాదనకి దిగేవాణ్ణి. ఊరు ఆయన వైపే ఉండేది, నేను బయటివాణ్ణయ్యేవాణ్ణి. ఇప్పుడు వెళ్లి ఆయన పక్కనే కూర్చుంటున్నాను. "బాబాయ్, మంత్రం వేయి, కాదనను. కానీ ఆటో ఎక్కించి, ఆటోలో కూర్చుని వేయి" అంటాను. ఒక ఊళ్లో ఆ పెద్దాయనే ఇప్పుడు ముందు 108కి చేయిస్తున్నాడు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసగా పడ్డప్పుడు మోపిదేవి గుళ్లో సర్పశాంతి పూజలు కూడా జరిగాయి. పూజతో నాకు పేచీ లేదు. పూజ అయ్యేదాకా ఆసుపత్రికి ఆగితేనే పేచీ.

దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా. అంటే ఏటా 58 వేల మంది. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. ఈ లెక్క సభలో చెబితే అందరూ తలలూపుతారు. గాజు గొట్టం చూపించినంత పని మాత్రం చేయదు.

ఇక గబగబా కొన్ని. పాము పగబట్టదు, నిన్న కొట్టినవాడి మొహం దానికి గుర్తుండదు. జెర్రిపోతు ఆవు పొదుగు పట్టి పాలు తాగదు. దాని నోటి నిండా వెనక్కి వంగిన పళ్లే, అది పట్టుకుంటే ఆవు ఊరుకుంటుందా? పెనవేసుకుని లేచి ఆడే రెండు పాములు జంట కాదు, చాలావరకు ఆడదాని కోసం తోసుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు. పసిరిక పాము కళ్లు పొడవదు. రెండు తలల పాముకి ఉన్నది ఒక్క తలే, మొద్దు తోక తలలా కనిపిస్తుంది. లక్షలు వస్తాయని దాన్ని పట్టి అమ్మబోతే వచ్చేది వన్యప్రాణి చట్టం కింద కేసు.

నాగుల చవితి పాలు కాస్త సున్నితమైన సంగతి. పాము పాలు తాగదు, దానికి అరగవు కూడా. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగట్టిన పాము ఏది పెట్టినా నోరు పెడుతుంది, ఆడించేవాళ్ల కిటుకు అదే. పుట్ట కూడా చెదలు కట్టుకున్నది, పాము అందులో అద్దెకి దిగుతుంది. అలాగని పండగ మానమని నేనెప్పుడూ అనను, మా ఇంట్లోనే మానరు. పాలూ గుడ్లూ కన్నంలోకి వదలకుండా పుట్ట పైన పసుపు చల్లి రెండు చుక్కలు వేయమంటాను. ఆ రోజు చిమ్మిలి, చలిమిడి తినేది ఎలాగూ మనమేగా.

"కనపడ్డవాటినల్లా చంపితే తగ్గవా?" అని కుర్రాళ్లు అడుగుతారు. ఎలుకలున్నంత కాలం ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. గోడవారగా పేర్చిన కట్టెలు, పిడకలు, ఇంటికి ఆనించిన గడ్డివాము దూరం జరిపితే ఫలితం ఉంటుంది. గంధకం, వెల్లుల్లి, ఫినాయిల్ చల్లడం వల్ల డబ్బు దండగ.

చివరిది మా పాములవాళ్లలోనే ఉన్న అపోహ: బతికున్న పామును పట్టుకుని చూపిస్తే జనానికి భయం పోతుందని.

నేనూ చేశాను. బళ్లో పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఒళ్లు తెలియలేదు. వారం తిరక్కుండా ఏడో తరగతి పిల్లాడు ఒకడు నీళ్ల బాటిల్‌లో పాముపిల్లను పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "సార్, నేనే పట్టా, మీలాగే!" చూస్తే నీరుకట్టు పిల్ల. అది పొడపాము పిల్లయి ఉంటే? పొడపాము పిల్లకి పుట్టిన రోజే విషం ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి సభకి పాము తీసుకెళ్లడం మానేశాను. సంచిలో ఫొటోలు, టార్చి లైటు, గాజు గొట్టం, ఒక దోమతెర ఉంటాయి.

మొన్న ఒక ఊళ్లో అంతా అయ్యాక ఒక మామ్మ దగ్గరకొచ్చి తెరని వేళ్లతో నలిపి చూసింది. "అంతా బానే చెప్పావు గానీ అబ్బాయ్, మా నులకమంచానికి ఒక కోడు లేదు, ఇటుకలు పెట్టాం. మరి దీన్ని ఎక్కడ కట్టుకోవాలి?" అంది. ఇద్దరం వాళ్లింటికి వెళ్లి, వాసానికి రెండు మేకులు కొట్టి కట్టి వచ్చాం.