హొరైజన్‌కి రెండు వేళ్ల కింద రన్‌వే

మొన్న ఆదివారం పటమట వెళ్తే మా మేనల్లుడు కంప్యూటర్ ముందు దిగాలుగా కూర్చుని "మామయ్యా, గన్నవరం నాకు అచ్చిరావట్లేదు, శంషాబాద్‌లో బానే దిగుతున్నా, ఇక్కడ ప్రతిసారీ ధడేల్‌మంటోంది" అన్నాడు. ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట గొడవ అది, వాడు నడిపేది సెస్నా 172 అనే చిన్న విమానం. అచ్చిరాకపోవడం ఏం ఉండదురా, శంషాబాద్ పెద్ద రన్‌వే వెడల్పు 60 మీటర్లు, గన్నవరంది 45, నీ కన్ను 60కి అలవాటుపడింది, సన్నగా కనిపించేసరికి ఇంకా పైనే ఉన్నాననుకుని, నేల తాకే ముందు విమానం ముక్కు ఎత్తడం లేట్ చేస్తున్నావు అని చెప్పా. నిజం పైలట్లకీ ఉండే భ్రమే ఇది. కానీ వాడి స్క్రీన్ చూశాక అర్థమైంది, అసలు రోగం వేరే ఉంది, వ్యూ మొత్తం తప్పుగా పెట్టుకున్నాడు.

దీనికి నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది. ఈసారి సూర్యలంక బీచ్‌కి వెళ్తే సముద్రం వైపు నిలబడి చెయ్యి చాచి, చూపుడు వేలు మధ్య వేలు కలిపి అడ్డంగా పెట్టి, పై అంచు సముద్రం ఆకాశం కలిసే గీత, అంటే హొరైజన్ మీద ఉంచండి. కింది అంచు దగ్గర కనిపించే నీళ్లు మీకు దాదాపు 30 మీటర్ల దూరంలో ఉంటాయి. ఆ రెండు వేళ్ల మందం కంటికి సుమారు 3 డిగ్రీలు. విమానాలు మామూలుగా దిగే వాలు కూడా సరిగ్గా 3 డిగ్రీలే! అంటే రన్‌వేకి 1 నాటికల్ మైలు దూరంలో 318 అడుగుల ఎత్తులో ఉన్నా, 3 నాటికల్ మైళ్ల దూరంలో 950 అడుగుల మీద ఉన్నా, మీరు దిగాల్సిన చోటు హొరైజన్‌కి రెండు వేళ్ల కిందే కనపడుతుంది. దూరం మారుతుంది ఎత్తు మారుతుంది, ఆ రెండు వేళ్లు మాత్రం మారవు. చెట్లో కొండలో అడ్డమొచ్చి హొరైజన్ కనపడకపోయినా అది ఉండాల్సిన చోటు నుంచి లెక్కేసుకోవచ్చు. మూడు వేళ్లయితే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, ఒక వేలే అయితే బాగా కిందకి జారిపోయినట్టు. ట్రిగనామెట్రీలో టాన్ అంటే ఇదే, ఎత్తుని దూరంతో భాగించడం, దాన్ని ఇలా బీచ్‌లో నిలబెట్టి చెప్పాలి, మన కోచింగుల్లో ఫార్ములా బట్టీ పట్టించి వదిలేస్తారు, పిల్లలకి అదెందుకో పదేళ్లయినా తెలీదు, నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు వాడి మానిటర్ సంగతి. 24 అంగుళాలది, అద్దం వెడల్పు 53 సెం.మీ., వాడు కూర్చునేది 60 సెం.మీ. దూరంలో. సగం వెడల్పు 26.5ని 60తో భాగించి ఆ టాన్‌కి కోణం చూస్తే దాదాపు 24 డిగ్రీలు, రెండు వైపులా కలిపి 48. అంటే ఆ మానిటర్ వాడి కంటికి 48 డిగ్రీల కిటికీ. కానీ మీటర్లన్నీ పక్క కిటికీలతో సహా కనపడాలని జూమ్ బాగా వెనక్కి లాగి అందులో ఓ 80 డిగ్రీల ప్రపంచాన్ని కూరాడు. అప్పుడు మధ్యలో ఉన్న వస్తువులన్నీ సగానికి కాస్త ఎక్కువ సైజులో, అంటే 53 శాతానికి కుంచించుకుపోతాయి. రెండు వేళ్లు ఉండాల్సింది ఒక వేలు అయిపోయింది, 45 మీటర్ల రన్‌వే 24 మీటర్లదిలా కనిపిస్తోంది! మరి పాపం ముక్కు ఎప్పుడెత్తాలో వాడికెలా తెలుస్తుంది.

ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో అయితే ఈ కోణం డిగ్రీల్లోనే పెట్టుకోవచ్చు. మా వాడు ఆడే మైక్రోసాఫ్ట్ దాంట్లో జూమ్ అంకె ఉంటుంది గానీ అది డిగ్రీలు కాదు, అందుకని స్కేలు తెమ్మన్నా. విమానంలో గుండ్రటి మీటర్ల మామూలు సైజు 3⅛ అంగుళాలు, అంటే దాదాపు 8 సెం.మీ. పైలట్ కంటికి అవి ఓ 70 సెం.మీ. దూరంలో ఉంటాయనుకుంటే, 60 సెం.మీ. దూరంలో ఉన్న మన అద్దం మీద అవి 8 × 60 ÷ 70, అంటే 6.9 సెం.మీ. కనపడాలి. వాడి దాంట్లో కొలిస్తే 4 కూడా లేదు. జూమ్ పెంచుకుంటూ 7 దగ్గరకి తెచ్చాం.

తర్వాత కన్ను ఎత్తు. ఇక్కడ చాలామంది రెండు వేరే పనుల్ని ఒకటే అనుకుంటారు. చూపుని పైకో కిందకో వంచితే స్క్రీన్ మీద బొమ్మ జరుగుతుంది అంతే, ముక్కుకీ హొరైజన్‌కీ మధ్య కోణం చెక్కుచెదరదు. కానీ బాణం కీతో సీటు ఎత్తితే ఆ కోణమే మారిపోతుంది, విండ్‌షీల్డ్ కింది అంచు కంటికి 80 సెం.మీ. దూరంలో ఉంటే 5 సెం.మీ. ఎత్తడం ఆ అంచు దగ్గర 3.6 డిగ్రీల తేడా, దిగే వాలు మొత్తం కన్నా ఎక్కువ! సీటు ఎత్తేస్తే ముక్కు కిందకి వాలినట్టు కనిపించి మనోడు వెనక్కి లాగుతాడు, స్పీడ్ పడిపోతుంది. మరీ కిందుంటే రన్‌వే ముక్కు వెనక దాక్కుంటుంది, చూద్దామని ముక్కు దించితే స్పీడ్ పెరిగి నేల మీద తేలుతూ పోతుంది. ఎయిర్‌బస్‌లో దీనికోసమే అద్దాల మధ్య స్తంభం మీద చిన్న బంతులు పెడతారు, తెల్ల బంతి ఎర్ర బంతిని కప్పేదాకా పైలట్ సీటు సర్దుకుంటాడు. మనకి బంతుల్లేవు, కాబట్టి లెవెల్‌గా ఎగిరేటప్పుడు ముక్కు అంచు ఎక్కడుందో స్కెచ్ పెన్‌తో మానిటర్ అంచు మీద గీత పెట్టించి, కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కి ఆ వ్యూ సేవ్ చేయించా, ఇక ఆల్ట్, 1 కొడితే వచ్చేస్తుంది. రన్‌వే వైపు తిరిగే ముందు ఎడమ పక్క చూడ్డానికి 2 మీద ఇంకోటి.

తర్వాత మూడు ల్యాండింగుల్లో రెండు మెత్తగా దిగాయి. మూడోది మళ్ళీ గట్టిగానే తగిలింది, ఎందుకంటే 48 డిగ్రీల్లో పక్కన నేల జారిపోవడం కనపడదు, ఆఖరి 20 అడుగుల్లో ఎత్తు అంచనా వేసేది కంటి అంచులే కదా. ఉన్న మానిటర్‌తో దానికి ఒకటే దారి, దాన్ని దగ్గరకి లాక్కోవడం. 40 సెం.మీ. దగ్గర పెడితే అదే కిటికీ 67 డిగ్రీలవుతుంది, జూమ్ ఆ మేరకి వెనక్కి తీసుకోవచ్చు. కళ్ళు పోతాయని మా అక్క కోప్పడింది గానీ చివరికి ల్యాండింగ్ అప్పుడు మాత్రం అయితే సరే అంది. కీబోర్డ్ ఒళ్ళో పెట్టుకుని వాడు మళ్ళీ గన్నవరం వైపు తిప్పాడు.