హాల్లో బస్సు బయల్దేరింది

మా మేనకోడలికి ఆరేళ్ళు. ఆదివారం వస్తే మా హాల్లో కుర్చీలన్నీ బస్సయిపోతాయి. వాళ్ళ తాతయ్య చేతిసంచి భుజాన తగిలించుకుని, పాత పేపర్లు చింపి టికెట్లు ఇస్తూ, "చిల్లర ఉంటే ఇవ్వండమ్మా" అని తిరుగుతుంది. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా తడుముకోకుండా "కండక్టర్" అంటుంది. ఈమధ్య ఇంటికొచ్చిన ఒక పెద్దాయన నవ్వి, "కండక్టరేంటి తల్లీ, కలెక్టర్ అవుతానని చెప్పు" అన్నారు. ప్రేమగానే అన్నారు. కానీ పిల్ల మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం బస్సు తిరగలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకోటి. ఆ బస్సుకి డ్రైవర్ ఎప్పుడూ వాళ్ళ తమ్ముడే. వాడికి నాలుగేళ్ళు. నువ్వెందుకు నడపవే అంటే, "డ్రైవర్లు అబ్బాయిలే కదా అత్తా" అంది.

అమెరికా పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో చెప్పిన సిద్ధాంతం సరిగ్గా దీని గురించే. పిల్లలు ఉద్యోగాన్ని ఎంచుకోవడం కంటే చాలా ముందే, ఒక్కొక్క ఉద్యోగాన్నీ మనసులోంచి కొట్టేసుకుంటూ వస్తారని ఆమె అంటారు. మూడు నుంచి ఐదేళ్ళ వయసులో వాళ్ళకి తెలిసేది పెద్దవాళ్ళు పనులు చేస్తారన్నంత వరకే. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఇది ఆడవాళ్ళ పని, ఇది మగవాళ్ళ పని అన్న గీత పడుతుంది. తొమ్మిది దాటాక ఏ పనికి గౌరవం ఉంది, మనలాంటి వాళ్ళకి ఏది అందుతుంది అన్న లెక్క మొదలవుతుంది. నాకేది ఇష్టం అన్న ప్రశ్న నిజంగా వచ్చేది పద్నాలుగేళ్ళ తర్వాతే. ఈలోగా కొట్టేసిన వాటిని మళ్ళీ తిరగేసి చూసేవాళ్ళు తక్కువ. పదో తరగతయ్యాక ఎంపీసీయా బైపీసీయా అని ఇల్లంతా టెన్షన్ పడతాం కానీ, అప్పటికే ఆ జాబితా ఎంత చిక్కిపోయిందో మనకు కనిపించదు.

పిల్లల బొమ్మల్లోనూ ఇది తెలుస్తుంది. శాస్త్రవేత్త బొమ్మ వెయ్యమని అడిగి సేకరించిన 4,807 బొమ్మల ఫలితాలను డేవిడ్ చాంబర్స్ 1983లో ప్రచురించారు. వాటిలో స్త్రీల బొమ్మలు 28. అవన్నీ అమ్మాయిలు వేసినవే. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో అమెరికాలో మళ్ళీ లెక్క కట్టారు. కాలం మారి స్త్రీల బొమ్మలు బాగా పెరిగాయి. అయినా ఆరేళ్ళ అమ్మాయిల బొమ్మల్లో ఎక్కువగా స్త్రీలే ఉంటే, పదహారేళ్ళ వాళ్ళ బొమ్మల్లో ఎక్కువగా పురుషులే ఉన్నారు. ఆ పదేళ్ళలో వాళ్ళ తెలివి తగ్గలేదు. చుట్టూ చూసి నేర్చుకున్నారు, అంతే.

మా పిల్లకి కండక్టర్ కల రావడానికి కారణమూ చూడటమే. మన బస్సుల్లో ఆడ కండక్టర్లు రోజూ కనిపిస్తారు. అందుకే నేను తనకి సరిత గారి గురించి చెప్పాను. నల్గొండ వైపు తండాలో పుట్టి, 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవర్ అయిన ఆవిడ ఫోటో చూపించాను. పిల్ల ఏమీ అనలేదు. చాలాసేపు చూసింది.

ఇక చదువు సంగతి. ఈ ఆటలో లెక్కలున్నాయి, బోర్డు చదవడం ఉంది, ఊళ్ళ పేర్లున్నాయి. ఆటకి అంత బలం ఉందా అంటే ఉంది. మనస్తత్వ పరిశోధకులు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో పేద కుటుంబాల నర్సరీ పిల్లలతో ఒకటి నుంచి పది వరకు గడులున్న ఆట ఆడించారు. మొత్తం కలిపి గంటసేపే. సంఖ్యల మీద వాళ్ళ పట్టు స్పష్టంగా పెరిగింది. అంకెల బదులు రంగులున్న గడులతో ఆడినవాళ్ళలో ఆ మార్పు రాలేదు. మన ఇళ్ళలో వైకుంఠపాళి పటం ఉండనే ఉంది. కాకపోతే ఒక కిటుకు ఉంది. పిల్ల మూడో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని కాకుండా "నాలుగు, ఐదు" అంటూ కాయ జరపాలి. అప్పుడే గడిలోని అంకె బుర్రకెక్కుతుంది.

అయితే ఆట ఆడితే చాలు, చదువు దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల్ని పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో రాశారు. బేరంలో నోటిలెక్క చకచకా చేసే పిల్లలు అలాంటి లెక్కనే పుస్తకంలో ఉన్నట్టు ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలేమో పుస్తకంలో చేసి, బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండిటి మధ్యా దారి ఎవరో ఒకరు వెయ్యాలి. ఇంట్లో ఆ పని మనదే.

మా పిల్లదీ ఇదే కథ. ఏడు రూపాయల టికెట్‌కి పది ఇస్తే "ఎనిమిది, తొమ్మిది, పది" అని మూడు చేతిలో పెడుతుంది. నోట్‌బుక్‌లో 10 − 7 మాత్రం ఖాళీగా వదిలేసింది. ఇప్పుడు టికెట్ వెనక ఆ లెక్క రాసి ఇమ్మంటున్నాను, లేకపోతే ప్రయాణికురాలు దిగదు. సరిగ్గా చేస్తే చాక్లెట్ ఇస్తానని మాత్రం అనలేదు. 1973లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో బొమ్మలేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ముందుగానే బహుమతి ఆశ పెట్టి వేయించారు. కొన్నాళ్ళ తర్వాత మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్ళు స్కెచ్ పెన్నులు పట్టుకున్న సమయం సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ ఆదివారం బస్సు ఆలస్యంగా బయల్దేరింది. ముందు కుర్చీ ఎవరిదన్న దాని మీద అక్కాతమ్ముళ్ళకు గొడవైంది.