పాత డిశ్చార్జి ల్యాంపుల వేట: అపోహలు – వాస్తవాలు

పాత వీధిదీపాల బల్బులు పోగేస్తానంటే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు. కాసేపాగి, “మా గోడౌన్‌లో కూడా ఏవో మూలపడి ఉన్నాయండీ, వచ్చి చూసుకోండి” అంటారు. ఆ రెండో మాట కోసం ఎన్ని నవ్వులైనా భరించొచ్చు. నేను వెతికేవి ఫిలమెంటు బల్బులు కావు. గొట్టంలోని వాయువు గుండా కరెంటు పోతే వెలిగే మెర్క్యురీ, సోడియం, మెటల్ హాలైడ్ ల్యాంపులు. ఈ వేటలోకి కొత్తగా వచ్చినవాళ్ల జేబుకు చిల్లుపెట్టే మాటలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: పాతదైతే చాలు, అరుదైనదే.

వయసుకీ అరుదుకీ సంబంధం తక్కువ. 250 వాట్ల మెర్క్యురీ బల్బు ఎంత పాతదైనా పాత కాంట్రాక్టర్ల దగ్గర అట్టపెట్టెతో సహా దొరుకుతుంది. ఆ రకం మార్కెట్లో ఎన్నాళ్లు నిలిచిందో, వాడాక దాన్ని ఏం చేసేవారో అడగండి, అరుదు సంగతి అక్కడ తేలుతుంది.

లో ప్రెషర్ సోడియం ల్యాంపునే తీసుకోండి. 1932లో ఫిలిప్స్ వాళ్లు నెదర్లాండ్స్‌లో రోడ్డుమీద వెలిగించారు. తొలితరం వాటికి వేడి పోకుండా పైన జోడు గోడల గాజు తొడుగు విడిగా ఉండేది, లోపల శూన్యం, అచ్చం థర్మాస్ ఫ్లాస్కులాగే. ల్యాంపు మాడిపోతే దాన్ని పారేసి, అదే తొడుగులో కొత్తది దూర్చేవారు. అందుకే తొడుగూ ల్యాంపూ జతగా దొరకడం కష్టం. 1950లలో తొడుగుని ల్యాంపుతో కలిపేసి ఒకటే గాజుగా చేశారు. 1960లలో వేడిని వెనక్కి కొట్టే పూత వచ్చింది. అదే ఎస్‌ఓఎక్స్, కొన్ని దశాబ్దాలు రాజ్యమేలింది. ఈ రెంటి మధ్య కొద్దికాలమే నడిచిన రకాలు, బ్రిటన్‌లో రెండు చివరలా క్యాపులతో వచ్చిన వంపులేని గొట్టాల్లాంటివి, పోగేసేవాళ్లు నిజంగా కొట్టుకునే సరుకు.

అపోహ: రోడ్డు మీద పసుపు లైట్లన్నీ ఒకటే సోడియం.

“సోడియం బల్బు ఉంది, రండి” అని ఫోన్ వస్తే నూటికి తొంభై పాళ్లు అది హై ప్రెషర్ రకమే. మన రోడ్ల మీద బంగారు రంగులో వెలిగినవి అవే. విప్పి చూస్తే లోపల పెన్సిలంత తెల్లటి పింగాణీ గొట్టం ఉంటుంది, అది అల్యూమినా. లో ప్రెషర్ రకంలో యూ ఆకారంలో వంచిన పొడుగాటి గాజు గొట్టం ఉంటుంది. దాని వెలుగంతా దాదాపు 589 నానోమీటర్ల దగ్గరే కుప్పపడి ఉంటుంది కాబట్టి, దానికింద ఎర్ర చొక్కా నల్లటి గోధుమ రంగులో కనిపిస్తుంది.

మరి తెలుగునాట ఇది ఎక్కడ దొరుకుతుంది? డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో. న్యూటన్స్ రింగ్స్ ప్రయోగానికి చెక్కపెట్టెలో పెట్టి వెలిగించేవారే, చాలాచోట్ల అది 35 వాట్ల ఎస్‌ఓఎక్సే. హెచ్‌ఓడీ గారిని మర్యాదకి అడగండి, అసలు వివరం మాత్రం ల్యాబ్ అటెండర్ని అడగండి. బీరువా వెనకాల ఏముందో ఆయనకే తెలుసు. ప్రభుత్వ కాలేజీ అయితే కండెమ్ చేసి స్టాకు రిజిస్టర్లోంచి తీసేశాకే చేతికొస్తుంది. దొడ్డిదారిన తెచ్చుకుంటే అటెండర్ ఉద్యోగానికి ఎసరు.

అపోహ: వెలిగించి చూపిస్తేనే కొనాలి.

అన్నిటికన్నా ఎక్కువ ల్యాంపుల్ని బలితీసుకున్నది ఇదే. డిశ్చార్జి మొదలయ్యాక ఆపేవాడు లేకపోతే కరెంటు పెరుగుతూనే పోతుంది. దాన్ని అదుపులో పెట్టడానికే చోకు. కొట్టువాడు “ఇదిగో చూడండి సార్” అని నేరుగా 230 వోల్టుల హోల్డర్లో బిగించాడంటే, వెలగకపోతే మీ అదృష్టం, వెలిగితే పేలుతుంది. ఈ ప్రమాదం తెలిసే బ్రిటన్‌లో 80, 125 వాట్ల మెర్క్యురీ బల్బుల క్యాపుకి మూడు పిన్నులు పెట్టారు, మామూలు హోల్డర్లో పట్టకుండా. నేరుగా బిగించదగ్గది బ్లెండెడ్ ల్యాంపు ఒక్కటే. మన దగ్గర 160 వాట్లది బాగా నడిచింది. అందులో చోకు పని లోపలి టంగ్‌స్టన్ ఫిలమెంటు చేస్తుంది.

కరెంటు లేకుండానే చదవడం నేర్చుకోండి. సోడియం ల్యాంపు క్యాపు దగ్గర గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది, గెట్టర్ అంటారు. మెరుపుంటే శూన్యం నిలిచినట్టు. పాలలా తెల్లబడిందంటే గాలి దూరినట్టే, బేరం ఆడకుండా కింద పెట్టేయండి. ఎస్‌ఓఎక్స్‌లో అయితే యూ గొట్టం పొడవునా చిన్న చిన్న గుంటలుంటాయి. సోడియం వాటిలో వెండి బొట్లలా పరుచుకుని ఉంటే పెద్దగా వాడలేదన్నమాట. అంతా ఒకే చివరకి జారి గడ్డకట్టి, గొట్టం మిగతా మేర గోధుమరంగు తిరిగితే బాగా అరిగిపోయింది. చివర్లలో కాస్త నలుపు కనబడగానే మాత్రం వదిలేయకండి, కొన్నాళ్లు వెలిగిన ప్రతి ల్యాంపుకీ ఆ నలుపు వస్తుంది.

అపోహ: ముందు ఎర్రగా వెలిగిందంటే అందులో రెడ్ మెర్క్యురీ ఉంది.

పాత రేడియోలు, టీవీల్లో కోట్లు విలువచేసే రెడ్ మెర్క్యురీ ఉందని నమ్మించినవాళ్ల చూపు ఈ బల్బుల మీదా పడింది. రైస్ పుల్లింగ్ చెంబు మోసానికి అది చెల్లెలు. ఆ ఎరుపు లో ప్రెషర్ సోడియం ల్యాంపులో ఉండే నియాన్ వాయువుది. సోడియం వేడెక్కి ఆవిరయ్యేదాకా, ఓ పది నిమిషాలు, వెలిగేది నియానే.

అపోహ: బయటి గాజు పగిలినా లోపలి గొట్టం బాగుంటే వెలిగించుకోవచ్చు.

మెర్క్యురీ ల్యాంపులో నిజంగానే వెలుగుతుంది, చిక్కంతా అక్కడే. లోపలి క్వార్ట్జ్ గొట్టం అల్ట్రావయొలెట్‌ని ఆపదు, ఆపేది బయటి గాజే. అది లేకుండా కాసేపు ఆ గదిలో ఉంటే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. బయటి గాజు పగిలితే దానంతటదే ఆరిపోయే రకాల్ని అమెరికాలో ‘టి’ అక్షరంతో గుర్తిస్తారు. ఆ అక్షరం లేనిదాన్ని అల్మరాలో చూసుకోవడమే.

అపోహ: ‘ఓస్రామ్’ అని ఉంటే జర్మనీ సరుకే.

బ్రిటన్‌లో ఆ పేరు చాలాకాలం జీఈసీ అనే అక్కడి కంపెనీ చేతిలో ఉండేది. పేరు కాదు, క్యాపు మీదో గాజు మీదో ఉన్న ‘మేడ్ ఇన్’ చూడండి.

అపోహ: ఎల్‌ఈడీలు వచ్చాయిగా, పాతవన్నీ తుక్కు కొట్లలో గుట్టలుగా ఉంటాయి.

ఉండవు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో వీధిదీపాలు ఎల్‌ఈడీకి మారాయి, తర్వాత హైదరాబాద్, మిగతా ఊళ్లు. తుక్కువాడికి కావలసింది ఫిట్టింగు అల్యూమినియం, చోకులోని రాగి. బల్బుకి విలువ లేదు, అడ్డం కాబట్టి అక్కడికక్కడే పగలగొడతారు. ఈ-వేలాల్లో వచ్చేది లాట్లలెక్కన, ఒక్క బల్బు కావాలంటే టన్ను సామాను కొనాలి. నాకు కలిసొచ్చింది హైదరాబాద్ ట్రూప్ బజార్ లాంటి చోట్ల తండ్రుల కాలం నుంచి నడుస్తున్న ఎలక్ట్రికల్ కొట్లు. పై అటకమీద అమ్ముడుపోని స్టాకు ఉంటుంది. “పాత బల్బులున్నాయా” అంటే లేవంటారు. “మెర్క్యురీకి మూడు పిన్నుల హోల్డరు ఉందా” అని అడగండి, కుర్రాడు నిచ్చెన వేస్తాడు.

అపోహ: అమెరికాలో ఉన్న బావగారు సూట్‌కేసులో తెచ్చేస్తారు.

ఎస్‌ఓఎక్స్‌లో ఉన్నది సోడియం లోహం, నీళ్లు తగిలితే అంటుకుంటుంది. మెర్క్యురీకీ విమానాల్లో ఆంక్షలున్నాయి. బావగారిని ఎయిర్‌పోర్టులో నిలబెట్టకండి. అక్కడి చోకు అసలే వద్దు. అది 60 హెర్ట్జ్‌కి చుట్టినది. వోల్టేజి సరిచేసినా, మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ కరెంటు వదిలి తానూ కాగుతుంది, ల్యాంపునీ కాలుస్తుంది. ల్యాంపు ఏ దేశానిదైనా, దాని కరెంటు రేటింగు చూసి సరిపోయే చోకు ఇక్కడే వెతుక్కోండి.