ఐష్ ఎల్ సరాయాకు నిన్నటి బ్రెడ్డే ఎందుకు?

లెబనాన్ వాళ్ల మిఠాయి ఐష్ ఎల్ సరాయా చేస్తే బ్రెడ్ అంతా ముద్దయిపోయిందని కువైట్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. తాజా బ్రెడ్ వాడారట. నిన్నటిది వాడాల్సిందని పక్కింటావిడ అన్నారట. అందులో నిజమెంత అని ప్రశ్న.

పక్కింటావిడ మాటే కరెక్టు. అంచులు తీసిన బ్రెడ్డును ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, పళ్లెంలో పరిచి, చక్కెరను ముదురు రంగు వచ్చేదాకా కరిగించి చేసిన పాకం పోస్తారు. మన డబుల్ కా మీఠాలోలాగా నేతిలో వేయించరు. దానిమీద అష్తా అనే మీగడ పొర, ఆపైన పిస్తా. పాకంలో నారింజ పూల నీళ్లు. మిగతా వివరాలు వంట వీడియోల్లో దొరుకుతాయి, నాకు కావలసింది పిండిపదార్థం.

బ్రెడ్ ఆరిపోయి గట్టిపడుతుందని అనుకుంటాం. నీరు బయటికి పోనివ్వకుండా మూసి ఉంచినా అది గట్టిపడుతుందనీ, వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుందనీ ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూసెంగో 1852లోనే చూపించాడు. రాత్రి మిగిలిన అన్నాన్ని చూడండి. గిన్నెకు మూతపెట్టినా పొద్దున్నకి మెతుకులు బిరుసెక్కుతాయి, ఆవిరి పడితే మళ్లీ మెత్తబడతాయి. రెండింట్లోనూ జరిగేది ఒకటే.

పిండి రేణువుల్లో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల గొలుసులుంటాయి. ఉడికినప్పుడు నీరు పీల్చి ఉబ్బుతాయి, వరస తప్పుతాయి. చల్లారాక అమైలోజ్ కొన్ని గంటల్లోనే మళ్లీ వరసకట్టి వలలా బిగుస్తుంది. కొమ్మలున్న అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. అలా వరసకట్టి ఏర్పడిన దాని స్ఫటికాలు సుమారు 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి, అమైలోజ్‌వి 100 దాటినా కరగవు. అందుకే వేడి పాకం తగిలి బ్రెడ్ మెత్తబడినా విడిపోదు. పాకంలోని చక్కెర కూడా చాలా నీటిని తన దగ్గరే ఉంచుకుంటుంది. అదే పాకం పల్చగా ఉంటే నిన్నటి బ్రెడ్డు కూడా ముద్దే. ఓవెన్‌లో కాల్చడం ఎందుకంటే, రంధ్రాల గోడలు ఆరితే పాకానికి లోపల చోటు దొరుకుతుంది.

ఇక పైపొర. అసలు అష్తా అంటే పాలు సన్నని సెగమీద కాగుతుంటే పైన కట్టే మీగడే. అంత ఓపిక లేనివాళ్లు లీటరు పాలకు సుమారు 8 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి, ఆపకుండా తిప్పుతూ బుడగలొచ్చేదాకా కాస్తారు. కార్న్‌ఫ్లోర్‌లో దాదాపు పావు వంతు అమైలోజ్. ఫ్రిజ్‌లో పెడితే అదే బిగిసి, కత్తితో కోస్తే ముక్కగా నిలబడుతుంది. కింద బ్రెడ్డును కాపాడిన పనే పైన మీగడకు ఆకారమిస్తోంది!

ప్రతి ఆచారానికీ సైన్స్ అంటగట్టే వాట్సాప్ మెసేజ్‌లంటే నాకు చిరాకు. కానీ ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టొద్దన్న మాట మాత్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఈ గొలుసుల్ని తుంచేస్తుంది. రుచి చూసిన చెంచాతోనే గోరువెచ్చటి అష్తాను మళ్లీ కలిపితే, బిగియాల్సింది జారుతుంది.

మరీ రోజుల తరబడి దాచకండి. అమైలోజ్ బిగుస్తూ పోయి నీటిని బయటికి నెట్టేస్తుంది, పైన మడుగు కడుతుంది. పిస్తా మాత్రం వడ్డించేముందే చల్లండి, లేకపోతే మెత్తబడిపోతుంది.